స్కీలకు పసుపు

మినెసోటాలో మా అమ్మాయికి స్కీయింగ్ నేర్పిన ముసలి స్వీడన్ ఛాంపియన్ మీద నాకిప్పటికీ కోపమే. తన చివరి పెద్ద పోటీలో ఆయన, స్కీలు జారడానికి అడుగున పట్టించే మైనం తప్పుది కావడం వల్ల ఓడిపోయాడు. అందుకే పిల్లల స్కీల అడుగును రోజూ బొటనవేలితో తడిమి చూసేవాడు.

టీమ్ సెలెక్షన్ రోజున మా ఆవిడ వాహనపూజ అంటూ స్కీలకు పైనా కిందా పసుపు కుంకుమలు పూసింది. అడుగున అవి అంటితే స్కీ జారదు. కోచ్ ఆమెను చెడామడా తిడతాడని ఆశపడ్డాను. ఆయన మాత్రం అడుగంతా గీకి, మళ్ళీ మైనం పట్టించాడు.

"పైన బొట్టు కూడా తుడవండి," అన్నాను.

"దానివల్ల స్పీడ్ తగ్గదుగా," అన్నాడు.

అమ్మాయి సెలెక్ట్ అయింది.

"చూశారా కోచ్, బొట్టు పవర్," అంది మా ఆవిడ.

ఆ పెద్దమనిషి నవ్వి తలూపాడు. మైనం మాటే ఎత్తలేదు.