గుర్రం ముక్కు జాలీ, నా పెళ్లి ముహూర్తం

నా పెళ్లి ముహూర్తాన్ని చెడగొట్టడానికి శత్రువులెవరూ రాలేదు. ఆ పని నేనే పట్టుపంచె కట్టుకుని, బాసికం పెట్టుకుని, గుర్రమెక్కి మరీ చేయబోయాను.

అమ్మాయి వాళ్లది కాటారం. ముహూర్తం పగలు పదకొండున్నరకు. విడిది నుంచి పందిరిదాకా నడిచివెళితే నా పరువేం కావాలి? భూపాలపల్లి నుంచి తెల్లగుర్రాన్ని తెప్పించాను. తీరా చూస్తే దాని ముక్కుకు వలలాంటి నల్లటి జాలీ!

"యాకూబన్నా, గిదేంది? పెండ్లి ఫొటోలల్ల గిట్లనే పడ్తదా?" అని గుర్రం యజమానిని నిలదీశాను.

"తమ్మీ, దీనికి ఎండ గొడితే ముక్కుకాడ నరం గుంజుతది. షాకు గొట్టినట్టు తలకాయ ఎగరేస్తది. జాలీ ఉంటే జర నిమ్మలం. పసుల డాక్టరే జెప్పిండు. తియ్యకు."

వింటే నేను నేనెందుకవుతాను? ఆయన నీళ్లు తాగడానికి పక్కకు వెళ్లగానే జాలీ లాగి ఎటో విసిరేశాను.

పది అడుగులు వేశామో లేదో గుర్రం తల పైకీ కిందికీ ఎగరేయడం మొదలుపెట్టింది. ఒక్కో ఊపుకు నేను జల్లెడలో బియ్యంలా ఎగిరిపడుతున్నాను. మా మేనత్త మాత్రం చేతులెత్తి మొక్కేసింది. మా వైపు మొక్కు మేక మీద నీళ్లు చల్లితే, అది తల విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు లెక్క.

"తల్లి ఒప్పుకున్నదిరా బిడ్డా! పసుపునీళ్లు తేండ్రి!"

నేను నోరు విప్పితే జాలీ సంగతి బయటపడుతుంది. అందుకని దేవత మెచ్చిన పెళ్లికొడుకులా ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. అత్త పసుపునీళ్లు గుర్రం మొహాన కొట్టింది. గుర్రం ఇంకా ఊపింది. అత్త ఇంకా కొట్టింది. డప్పులు ఇంకా మోగాయి.

చివరికి ఆ మూగజీవికి ఓపిక పోయింది. నీడ కోసం నన్ను మోసుకుని పక్కనున్న బర్రెల కొట్టంలో దూరి, గడ్డిమోపుకు ముక్కు రుద్దుకుంటూ నిలబడిపోయింది. ఎంత లాగినా ఎండలోకి అడుగు పెట్టదు. పాపం దాని బాధ అప్పుడు అర్థమైంది, నాకు సిగ్గేసింది.

"జాలీ ఎవడు తీసిండు?" అని యాకూబన్న అరిచాడు.

"నేనేనన్నా. దిగి ఉరుకుతా."

"దిగితే కాళ్లిరగ్గొడ్త!" అంది అత్త. "గుర్రమెక్కిన పెండ్లిపిలగాడు నడుమల దిగితే అరిష్టం."

ఇంతలో పందిట్లోంచి పంతులుగారి కేక: "ఇగ ఐదే నిమిషాలు!"

పిల్లనిచ్చే మామ తల పట్టుకున్నాడు. పెళ్లికూతురు మాత్రం పట్టుకోలేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పేడ దాటుకుంటూ సరాసరి కొట్టంలోకే వచ్చింది. గడ్డిమోపు మీదెక్కి, సరిగ్గా ముహూర్తానికి గుర్రం మీదున్న నా నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టి, చెవిలో తన మొదటి మాట చెప్పింది:

"వద్దన్న పని జేసుడు గిదే ఆఖరు."

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇంకోసారి పెళ్లికి గుర్రమెక్కను, నడిచే వెళతాను.

భుజం మీదుగా ఇది చదివిన మా ఆవిడ అడుగుతోంది: "ఏందీ, ఇంకోసారి పెండ్లా?"

సవరిస్తున్నాను. నడిచి కూడా వెళ్లను.