మంగళం రెండుసార్లు పాడిన ఆదివారం

ఆ హాస్యగాడి పాట నచ్చితే సాలూరు జనం చప్పట్లు కొట్టేవారు కాదు, లారీలను కొట్టేవారు. 1968 వేసవిలో నేను ఆ ఊళ్ళో ఒక లారీ బుకింగు ఆఫీసులో గుమాస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు సరుకు కదలదు కనుక, ఆఫీసు వెనక లారీలు నిలిపే స్థలంలో ఆయన ఆట పెట్టించేవాళ్ళం. ఒక లారీ పక్క తలుపు దించితే అదే రంగస్థలం. మిగతా లారీల మీద డ్రైవర్లు, క్లీనర్లు, చుట్టుపక్కల రైతులు ఎక్కి కూర్చునేవారు. మాట పేలినప్పుడల్లా చక్రాలు విప్పే ఇనప స్పానర్లతో బాడీ రేకులను బాదేవారు. పక్కవాడి వీపు మీద పిడిగుద్దులు పడేవి. నవ్వని మనిషి కనబడితే ఎత్తి కిందికి తోసేవారు. ఆ అభిమానంలో పెదవి చిట్లినవాళ్ళను, పన్ను ఊడినవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

మావా అని అందరూ పిలిచే ఆయనది దాదాపు ఒంటిమనిషి ఆట. పంచె మీద చిరిగిన కోటు, ముందు రీడ్లు సగం పోయిన హార్మోనియం. అది తన తోడల్లుడని పరిచయం చేసి, మామగారి ఆస్తి కోసం దానితో తగువు పడేవాడు. అది మూలిగితే, ఆ మూలుగుకు అర్థం చెప్పి, తన చెంప తానే వాయించుకునేవాడు. తగువు ముదిరాక, డోలకు వాయించే మనిషి పోలీసు టోపీ పెట్టుకొని వచ్చి, గుడ్డ చుట్టిన కర్రతో ఆయనను బాదేవాడు. ఆయన వెల్లకిలా పడిపోగానే జనం ‘వన్స్ మోర్’ అనేవారు. పద్యానికీ రాగానికీ వన్స్ మోర్ అడగడం మా నాటకాలలో మామూలే. దెబ్బలకు అడిగించుకున్నవాడు నేనెరిగినంతలో ఆయనొక్కడే. లేచి, మళ్ళీ మొదటి దెబ్బ నుంచి తినేవాడు.

ఆయన ఎన్నడూ వెక్కిరించనిది చివర పాడే మంగళం. దానికోసం కోటు విప్పి, చెప్పులు విడిచి, చేతులు జోడించి శుద్ధంగా పాడేవాడు. మంగళానికి వన్స్ మోర్ లేదు. మంగళం తరువాత ఆటా లేదు.

ఆ ఏడు కొత్త పాట కట్టాడు.

“మూతి మీద ఉండనని మీసం ఎల్లిపోనాది,
సాలూరు లారీ ఎక్కి కిలీనరైపోనాది.”

తరువాతి చరణంలో ఆ మీసం లారీ హారన్‌ను పెళ్ళాడుతుంది. వాళ్ళ పిల్లలు ఘాట్ రోడ్డు మలుపుల్లో పుట్టగొడుగుల్లా మొలిచి, దారిన పోయేవారిని తాతా అని పిలుస్తారు. పాటలో ఏ మనిషి గుర్తూ లేదు. కానీ అభిమానులకు మనిషి కావాలి. ఊరి చివర రైసుమిల్లు యజమానికి పెద్ద మీసం ఉండేది. ఆయన టీ దుకాణం దాటితే చాలు, క్లీనర్లు అందుకునేవారు.

“ఏటి బాబూ, మీసం సెలవు మీద వచ్చినాదా?”

“కోడలు హారన్ బాగున్నాదా బాబూ?”

ఈ సంగతి తెలిసి మావ ఆట మధ్యలో మమ్మల్ని బతిమాలాడు. “ఒరే, నాను ఎవుల్నీ అన్నేదు. ఊరుకోండ్రా, ఆ మిల్లోలొచ్చి నన్ను తంతారు.”

మేము దానికీ రేకులు బాదాము.

ఆ ఆదివారం డోలకు మనిషి జ్వరంతో రాలేదు. మీసం పాట సగంలో ఉండగా ఇద్దరు మనుషులు వెదురు కర్రలతో లారీ ఎక్కారు. నలుగురని తరువాత చెప్పుకున్నారు. అది తప్పు, ఇద్దరే. మిల్లులో బస్తాలు మోసే కలాసీలు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఆయన కేక పెట్టాడు. జనం పగలబడి నవ్వారు.

“పోలీసోలు ఇద్దరైపోనారురా,” అన్నాడు నా పక్కనున్న డ్రైవరు.

రెండో దెబ్బ హార్మోనియం మీద ఉన్న కుడిచేతి వేళ్ళను నలగ్గొట్టింది. మెట్లు విరిగి ఎగిరాయి. తిత్తి మూలిగింది. ఆ మూలుగుకు స్పానర్లన్నీ ఒక్కసారి మోగాయి.

“నిజింగానే కొడతన్నార్రా,” అన్నాడాయన.

“వన్స్ మోర్,” అన్నారు.

కలాసీలు ఒక క్షణం తెల్లబోయి, అడిగినట్టే మళ్ళీ కొట్టారు. ఆయన నుదురు పగిలి నెత్తురు కోటు మీదికి కారింది. నేను లారీ ఎక్కి ఒకడి కర్ర పట్టుకొని, ఇది ఆట కాదు, మనిషి చచ్చిపోతాడని అరిచాను.

“గుమాస్తా బాబు కూడా యేసం కట్టినాడ్రా!”

మోచేతి పోటుకు నా ముక్కు పగిలింది. దానికీ నవ్వారు.

అప్పుడు ఆయన కోటు విప్పాడు. ఎడమచేత్తోనే, పడి ఉండగానే. కాలికి మిగిలిన ఒక్క చెప్పునూ తన్ని వదిలాడు. మోకాళ్ళ మీద లేచి చేతులు జోడించాడు. కుడిచేతి వేళ్ళు జోడుకు రాలేదు, అవి వేరే వైపు తిరిగి ఉన్నాయి. మంగళం ఎత్తుకున్నాడు. నోటినిండా నెత్తురున్నా శ్రుతి తప్పలేదు.

రేకుల చప్పుడు ఆగింది.

“పాట సగంలో మంగళమేటి?” అన్నాడు డ్రైవరు మెల్లగా. మరుక్షణం స్పానరు పట్టుకొని దూకాడు.

కలాసీలను లారీ మీద నుంచి లాగి నేలకేసి కొట్టారు. ఒకడి మోకాలు నా ఎదుటే విరిగింది. రెండోవాడి దవడ మీద ఇనుము పడి, పళ్ళు మట్టిలో రాలాయి. ఆయన లారీ అంచు పట్టుకొని, “ఒగ్గీండ్రా, సచ్చిపోతారు,” అని అరుస్తున్నాడు.

“మావ ఇంకా యేసం దించనేదురా,” అని ఎవడో నవ్వాడు కూడా. డ్రైవరు దవడ విరిగినవాడి తల మీదికి స్పానరెత్తాడు.

ఆయన మంగళం మళ్ళీ మొదటినుంచి పాడాడు.

ఎవరూ అడగలేదు. అది అడిగేది కాదు. ఎత్తిన స్పానరు ఎత్తినట్టే ఉండిపోయింది. మంగళం అయింది కాబట్టి ఆట లేదు. డ్రైవరు చేయి దించాడు. వెనకవాళ్ళు పైకండువాలు దులుపుకొని, తలలు వంచుకొని, అలవాటుగా ఇళ్ళ దారి పట్టారు.

ముగ్గురినీ ఒకే లారీలో వేసి విజయనగరం ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. కలాసీలు బతికారు. ఆయన కుడిచేయి మళ్ళీ హార్మోనియం మెట్ల మీద ఆడలేదు. దారిలో, గోనెల మీద పక్కపక్కన పడి ఉండగా, మోకాలు విరిగినవాడు ఆయనను అడిగాడు.

“మావా, ఆ మీసం మా మిల్లు బాబుదేనేటి?”

“నాకేటి తెలుసురా. ఆ పెళ్ళికి నన్ను పిలవనేదు.”

అవతలివాడు నవ్వబోయి, విరిగిన దవడ రెండు చేతులా పట్టుకొని ఏడ్చాడు.