నాన్నని కూర్చోబెట్టిన ఓడ సోఫా

మా నాన్న మా ఇంట్లో కూర్చునేవాడు కాదు. నా పెళ్లయి రెండేళ్లయినా ఒక్కసారంటే ఒక్కసారి కూర్చోలేదు. ఎమర్జెన్సీ అయిపోయిన కొత్తల్లో సంగతి ఇది. విశాఖపట్నం పాతూర్లో రెండు గదుల వాటాలో మా కాపురం. మా ఆయనకి హార్బర్లో ఉద్యోగం. నాన్న తగరపువలస దగ్గర జనపనార మిల్లులో పనిచేసేవాడు. అమ్మ నా పెళ్లికి ఏడాది ముందే పోయింది. నేనొక్కదాన్నే కూతుర్ని. నెలకో ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. సంచీలోంచి ములక్కాడలో, తాటిముంజలో తీసి నా చేతిలో పెట్టి, ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట వేసి మాట్లాడేవాడు.

“కూర్చో నాన్నా.”

“కూకోనమ్మా, బస్సుంది.”

నాకు ఒళ్లు మండిపోయేది. ఆ రోడ్డు మీద బస్సు లేనిదెప్పుడని? పొద్దుట్నించీ రాత్రి దాకా తిరుగుతూనే ఉంటాయి!

లోపం మా ఇంట్లోనే ఉందని తేల్చుకున్నాను. గుమ్మానికి గాజు గొట్టాల తోరణం కట్టాను. నాన్న అది నెత్తికి తగలకుండా కాస్త పక్కకి జరిగి నిలబడ్డాడు. కిటికీలకి పువ్వుల కర్టెన్లు వేశాను. “బాగున్నాయమ్మా” అన్నాడు, నిలబడే. రేడియోకి లేసు గుడ్డ అల్లి కప్పాను. పేము కుర్చీలు రెండు తెచ్చి వాటికి దిండ్లు కుట్టాను. నాన్న ఒక దిండు చేత్తో నొక్కి చూసి, మెత్తగా ఉందని మెచ్చుకుని, బస్సుకి వెళ్లిపోయాడు.

ఆ రోజు మా ఆయన మీద పడ్డాను. “మా నాన్న కూర్చునేలాంటి కుర్చీ ఒక్కటి తేలేరా మీరు?”

ఆ మాట ఆయనకి బాగా గుచ్చుకున్నట్టుంది. పై నెలలో ఒక శనివారం తోపుడు బండి మీద ఒక సోఫా దిగింది. విరగ్గొట్టిన ఓడల సామాన్లు అమ్మే సాయిబుగారి కొట్లో కొన్నారట. ఎర్ర రెక్సిను, నిండా స్ప్రింగులు. ఓడ ఊగినా మనిషి జారిపోకుండా ముందు అంచుకి జానెడు ఎత్తున చెక్క అడ్డం. వెనక కాళ్లు మాత్రం లేవు.

“ఓడలో గోడకీ నేలకీ బోల్టులేసి బిగిస్తారు. లేకపోతే కూర్చున్నవాళ్లతో సహా వెల్లకిలా పడుతుంది. సాయిబుగారు మరీ మరీ చెప్పారు” అన్నారు మా ఆయన, తానే ఓడ నడిపొచ్చినంత గొప్పగా.

“నేలకి కన్నాలు పెడితే ఇంటిగలాయన ఊరుకుంటాడా?”

“సోఫా కింద ఎవడు చూస్తాడే!”

వీధిలో పిల్లలంతా వింత చూడ్డానికి ఎగబడుతున్నారని తలుపేసుకుని మధ్యాహ్నమంతా బిగించారు. నేల తవ్వి బోల్టులు దింపి సిమెంటు పోశారు. పనైపోయాక గాలికని తలుపు తీస్తే, అది సగం తెరుచుకుని టక్కున సోఫాకి తగిలి ఆగిపోయింది. వేసిన తలుపు చూసి కొలత పెట్టిన మహానుభావుణ్ణి ఏమనాలి? నేను అనాల్సినవన్నీ అన్నాను. సిమెంటు మాత్రం అప్పటికే గట్టిపడిపోయింది.

మర్నాడే నాన్న వచ్చాడు. తలుపు తోశాడు, సగంలో ఆగింది. ఒక కాలు లోపల పెట్టి నిలబడే వీల్లేదు. “నాన్నా, నెమ్మదిగా!” అని నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన భుజం అడ్డంగా పెట్టి ఒక్క తోపు తోసుకుని వచ్చాడు. మోకాలు చెక్కకి తగిలింది. మనిషి సంచీతో సహా సోఫాలో పడ్డాడు. అసలే పొట్టి, కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి.

“ఓలమ్మో! ఏటిది, పడవేటి?”

“తుపానొచ్చినా ఇందులోంచి పడిపోరు మావయ్యా” అన్నారు మా ఆయన మురిసిపోతూ.

“పడడం సరే బాబూ, లెగడం ఎలాగ?”

మా ఆయన చెయ్యందించబోయారు. ఆ చేతిమీద ఒక్కటి వేశాను. “ముట్టుకున్నారంటే ఊరుకోను! అన్నం తినేదాకా ఎవరూ లేపడానికి వీల్లేదు.”

నాన్న ముందు బతిమాలాడు, తర్వాత కసిరాడు, చివరికి నవ్వేశాడు. కంచం అక్కడికే పట్టుకెళ్లాను. చేపల పులుసుతో మారు వడ్డించుకుని తిన్నాడు. తిని, అలాగే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నేను ఎదురుగా నేలమీద కూర్చుని ఆ గురక వింటూ పొంగిపోయాను.

సాయంత్రం ఐదింటికి మెలకువొచ్చింది. లేపమని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. రెక్సిను మీద చెయ్యి రాస్తూ అన్నాడు.

“నీ ఇల్లు బాగోలేక కాదమ్మా నాను కూకోనిది. ఇక్కడ కూకుంటే మరి లెగాలనిపించదు. ఎల్లి మనింటి తాళం తీత్తే లోపల సడీ సప్పుడూ ఉండదు. నిలబడే ఉంటే ఎల్లిపోడం సులువు.”

“ఇన్నాళ్లూ ఈ ముక్క చెప్పడానికేం నాన్నా!” అని గయ్యిమన్నాను. గయ్యిమంటూనే ఏడ్చాను. పెళ్లయ్యాక ఆ ఇంటికి నేనెన్నిసార్లు వెళ్లానని? రెండుసార్లు. రెండుసార్లూ చీకటి పడకుండా ఇల్లు చేరాలని తొందరపడిపోయినదాన్నే. నా గుమ్మానికి తోరణాలు కట్టుకోవడంలో మునిగిపోయి, ఆయనది కూడా ఒక ఇల్లేనన్న సంగతి మర్చిపోయాను. సిగ్గేసింది.

మా ఆయన, నేను చెరో చెయ్యీ పట్టి నాన్నని పైకి లాగాం. రెండు చీరలు సంచీలో కుక్కుకుని ఆయనతో పాటు నేనూ బస్సెక్కాను. తాళంచెవి లాక్కుని తలుపు నేనే తీశాను. నేరుగా వంటింట్లోకి వెళ్లి, కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, టీకి నీళ్లు పెట్టి, వీధంతా వినిపించేలా అరిచాను.

“నాన్నా! పంచదారెక్కడ?”

ముందుగదిలోంచి ఆయన నాకంటే గట్టిగా అరిచాడు.

“మీ అమ్మ ఎట్టిన సోటే ఉందే!”