పెన్ను ఇవ్వని దొర

పందొమ్మిది వందల అరవైల్లో ఒక మధ్యాహ్నం, గూడూరు స్టేషను వెయిటింగ్ రూములో మా బావగారు ఒక కాగితం నా ఒళ్లో పెట్టారు. పంచాయతీ ఎన్నికల నుంచి నేను తప్పుకుంటున్నానని అందులో ఆయనే రాసుకొచ్చారు.

"బండి వచ్చేలోగా సంతకం పెట్టమ్మా. మా తమ్ముడి మొహం చూసైనా."

"ఆ మొహం రోజూ చూస్తానే ఉండా బావా. పెన్ను లేదు."

ఎదుటి బెంచీ మీది తెల్లదొరను బావగారు సైగతో పెన్ను అడిగారు. ఎందుకని ఆ దొర నన్ను అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రానికి మంత్రిగా చేసి, పోయిన ఎన్నికల్లో ఓడిపోయారట. బయటికి తీసిన పెన్నును మళ్లీ జేబుకు తగిలించుకున్నారు.

"నన్ను దించడానికి వేలమంది ఓటర్లు కావలసివచ్చారు. మీకు ఈయనొక్కడు చాలా?"

"ఏమంటాడమ్మా?" అన్నారు బావగారు.

"సిరా లేదంట."

ఆ ఎన్నికల్లో ఓడిపోయాను. ఓడించింది మాత్రం మా ఊరి ఓటర్లు.