కూత పడ్డాక

మా కోచ్ మాస్టారు మొన్న మంగళవారం తెల్లవారుజామున టెల్కో కాలనీలోని తన క్వార్టర్లో పోయారు. కబురు తెచ్చిన మనిషి గేటు దగ్గరే నిలబడి, "మాస్టారు ఎల్లిపోనారు" అన్నాడు. ఏ మాస్టారని నేను అడగలేదు. రోజువారీ లెక్కలు తప్ప మరేమీ రాయని చేయి నాది. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాసి పెట్టాలనిపించింది.

పదేళ్ల కిందట ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న కాలేజీలో నేను ఆటసామాను చూసుకునేవాణ్ని. కాలేజీలో చదివినవాణ్ని కాను. వచ్చిన అక్షరాలు సొంతంగా నేర్చుకున్నవే. మా ఫుట్‌బాల్ జట్టు రెండేళ్లుగా కాలేజీల లీగులో అట్టడుగున ఉంది. మూడో ఏడు కూడా అక్కడే మిగిలితే జట్టు ఎత్తేసి, మైదానంలో లాబొరేటరీ కడతామని ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు. ఆ ఏడే మాస్టారు కోచ్‌గా వచ్చారు. టెల్కో లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాలో చాలామందిలాగే శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ దేశానికి పనికి వచ్చిన మనిషి. పొద్దుటి షిఫ్టు దిగి, బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవారు.

వస్తూనే వంగి ప్రతి కుర్రాడి బూటు తాడూ లాగి చూసేవారు. బురద బంతిని తన మెడలోని తువ్వాలుతోనే తుడిచేవారు. కేకలు వేసే మనిషి కాదు. ఆడుతూ ఎవరైనా తన వైపు చూస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "నా మొకంలో ఏటుందిరా? బంతిని సూడు" అనేవారు.

సాయంత్రం ఐదింటికి పక్క ఫ్యాక్టరీ సైరను కూత వేసేది. అది వినగానే ప్రాక్టీసు ఆపించేవారు. ఆ వెంటనే వెళ్లే బస్సు తప్పితే ఆయనకు మళ్లీ చాలాసేపటి దాకా బస్సు లేదు. కుర్రాళ్లందరూ షిఫ్టు కూతలు వింటూ పెరిగినవాళ్లు. కూత పడితే పని ఆగాలని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడి బంతిని అక్కడే కాలికింద అణిచి నిలబడిపోయేవారు. అందులో తప్పు ఉండగలదని మాకెవరికీ తోచలేదు.

మొదటి మ్యాచులు బయటి మైదానాల్లో జరిగాయి. ఒకటి గెలిచాం, మిగతావి ఓడాం. సొంత మైదానంలో తొలి మ్యాచు రోజున రెండు వైపులా గోలు లేదు. ఆట సాగుతుండగా కూత పడింది. మా బ్యాక్ ఆడే కుర్రాడు బంతిని కాలికింద అణిచి మాస్టారి వైపు చూశాడు. అవతలి ఫార్వర్డు ఆ బంతిని లాక్కుపోయి గోలు కొట్టాడు. ప్రహరీ గోడ మీద కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు.

"ఏట్రా, డ్యూటీ ఐపోనాదా?" అన్నాడొకడు.

"కార్డ్ పంచ్ కర్ లే భాయ్" అన్నాడు పక్కవాడు, ఇక కార్డు కొట్టి ఇంటికి పొమ్మన్నట్టు.

ఆ మ్యాచు ఓడిపోయాం. మా కెప్టెన్‌ది తెలుగిల్లే గాని కోపం హిందీలో వచ్చేది. "సర్, ఇస్కో బైఠా దీజియే" అన్నాడు, ఆ కుర్రాడి ఎదుటే.

"కూతకి ఆగమని నేర్పినోడ్ని నాను. ఆడు నేర్సుకున్నాడు. కూకోబెడితే నన్ను కూకోబెట్టాల" అన్నారు మాస్టారు.

మర్నాటి నుంచి ఆయన బస్సు మానేసి సైకిలు మీద వచ్చారు. కూత పడ్డా ఆట ఆపించేవారు కాదు, అసలు ప్రాక్టీసు ఆ తర్వాతే. సీకటడిపోతంది మాస్టారూ, టెల్కో దూరం కదా అని ఆ బ్యాక్ కుర్రాడే ఒకసారి అన్నాడు. "సైకిలు నాను తొక్కుతానులే. నువ్వు బంతి తొక్కకు" అన్నారు. అందరితో పాటు వాడూ నవ్వాడు. అయినా కూత పడ్డప్పుడల్లా వాడి కాలు ఒక్క క్షణం తడబడేది. మాస్టారు చూసేవారు, నేనూ చూసేవాణ్ని.

ఆఖరి మ్యాచు మళ్లీ మా మైదానంలోనే. ఓడకుండా ఉంటే చాలు, అట్టడుగు నుంచి బయటపడతాం. ఓడితే జట్టు లేదు. బ్యాక్‌లో ఆ కుర్రాడినే దించారు. చెరో గోలు అయింది. ఐదు కావస్తుంటే గోడ మీది జనం ముందుకి వంగి చూస్తున్నారు. కూతకి వాడి కాలు ఆగుతుందన్న సంగతి అవతలి ఫార్వర్డుకీ తెలుసు. వచ్చి మా కుర్రాడి పక్కనే నిలబడ్డాడు.

అప్పుడు మాస్టారు మైదానానికి వీపు తిప్పేశారు.

"ఏటండీ?" అన్నాను.

"ఆడు సూసినా నా మొకం దొరక్కూడదు. నువ్వు సూసి సెప్పు."

కూత పడింది.

"బంతి ఎక్కడ?"

"మనోడి కాళ్ల దగ్గరండి."

"ఆగినాడా?"

నేను ఇంకా బంతినే చూస్తున్నాను. ఆయన తువ్వాలు కొసని రెండు చేతులా మెలిపెడుతున్నారు.

"సెప్పవేటి?"

"నేదండి. కొట్టేసినాడు. పక్కగీత అవతలికి."

"ఇటు సూసినాడా?"

"నేదండి."

ఆఖరి విజిలు దాకా ఆయన మైదానం వైపు తిరగలేదు. మాకు కప్పేమీ రాలేదు. అడుగు నుంచి ఒక్క మెట్టు పైకి వచ్చాం, అంతే. జట్టు మిగిలింది, మైదానమూ మిగిలింది. కుర్రాళ్లు ఆయన్ని భుజాల మీదికి ఎత్తబోతే, "ఒగ్గేయండ్రా, సైకిలుకి తాళం ఎయ్యలేదు" అని విడిపించుకున్నారు.

మంగళవారం సాయంత్రం ఆయన్ని నది ఒడ్డుకి తీసుకువెళ్లాం. పాడె ముందు కుడివైపు ఆ బ్యాక్ కుర్రాడు భుజం పట్టాడు. ఇప్పుడు వాడు గమ్హరియాలో ఒక వర్క్‌షాపులో పని చేస్తాడు, ఇద్దరు పిల్లల తండ్రి. దారిలో ఉండగా ఎక్కడిదో ఫ్యాక్టరీ కూత పడింది. ఎదురుగా వస్తున్న సైకిళ్లవాళ్లు పాడెను చూసి దిగి పక్కకి నిలబడ్డారు. వాడు ఆగలేదు, ఎటూ చూడలేదు. అడుగు కాస్త వేగం అందుకుంది. మోస్తున్న మిగతా ముగ్గురూ ఆ అడుగులో అడుగు కలిపారు.