మోదుగుపూల మూట

పట్టపగలు, ఫాల్గుణం ఎండ. హన్మకొండలో మా అద్దె ఇంటి వాకిట్లో నిలబడి ఉండగా నాకు ఉన్నట్టుండి చలి పుట్టింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. డెబ్బైల చివరి సంగతి ఇది.

అంతకు పన్నెండు రోజుల ముందు ఏటూరునాగారం అడవిలో గుట్ట ఎక్కాను. మా తాత ఆ అడవికి షికారుకు పోతే వెనుక పది బండ్లు కదిలేవట. నేను గోనెసంచి భుజాన వేసుకుని పోయాను. రంగుల దుకాణం సేటుకు హోలీకి మోదుగుపూలు కావాలి. ఆకు రాలిన గుట్ట మీద మోదుగులు ఎర్రగా, కొండగోగులు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. కింద రాలిన ఇప్పపూల తీపి వాసన. అంత అందంలో నేను చేసిన పని, వంగి ఏరుకోవడం.

దారి చూపిన కోయ పెద్దాయన లచ్చయ్య, "ఈ వాగుకాడ పండకు దొరా, దోమలు జ్వరం పెడ్తయి. మా గుడిసెకు రా, పొగ పెడ్తం" అన్నాడు. ఆ గుడిసెలో పడుకోవడానికి నాకు మనసొప్పలేదు. రెండు రాత్రులు వాగు ఒడ్డునే పడుకున్నాను.

దవాఖానలో డాక్టరు మొదట అడిగింది అదే. "ఈ మధ్య అడవి వైపు ఎక్కడికైనా వెళ్లారా?"

పక్క మంచం మీద కొమురయ్య వింటున్నాడు. ఒకప్పుడు మా భూములు కౌలుకు దున్నినవాడు. నన్ను చూడగానే, "దొరా, మీరీడనా!" అంటూ సెలైన్ సూదితోనే లేచి కూర్చున్నాడు. వాడి ముందు పూలు ఏరడానికి పోయానని ఎలా చెప్పను? షికారుకని చెబుదామంటే మా తుపాకీ ఎప్పుడో పోయిందని వాడికి తెలుసు.

"ఊరు దాటలేదు" అన్నాను.

మలేరియా ఉందేమోనని తీసిన బ్లడ్ స్మియర్ నెగెటివ్. "వైడాల్ పరీక్ష చూస్తే టైఫాయిడ్‌లాగే ఉంది" అన్నారు. మూడు రోజులు క్లోరోమైసెటిన్ మింగాను. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయట. మంచం మీంచి పడకుండా నన్ను పట్టుకున్నది కొమురయ్యేనట. నా భార్య ఇక ఆగలేకపోయింది.

"సారూ, ఆయన అడవికి పోయిండు. పూలు ఏరనీకి. ఎవరికీ చెప్పద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

"ఈ మాట మొదటిరోజే చెబితే ఏం పోయేదమ్మా?" అన్నాడట డాక్టరు.

మళ్లీ స్మియర్ తీశారు. ఈసారి ఫాల్సిపారం మలేరియా క్రిమి కనబడింది. సెరిబ్రల్ మలేరియా, అంటే మెదడుకెక్కినది. క్వినైన్ డ్రిప్ పెట్టారు. రెండు రోజులకు కళ్లు తెరిస్తే చెవుల్లో ఒకటే హోరు. "మందు వల్ల, తగ్గుతుంది" అన్నారు. ఎడమ చెవిలో తగ్గింది. కుడి చెవి పోయింది.

డిశ్చార్జి నాడు కొమురయ్య నా ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాడు. "ఎందుకు దాసిన్రు దొరా? మీరు బస్సు మీదికెల్లి పూలమూట దించుకుంటాంటే నేను బస్టాండ్లనే ఉన్న. పలకరిస్తే మీకు నామూషైతదని అటు తిరిగిన."

ఇది జరిగి ఎనిమిదేళ్లు. జ్వరం మళ్లీ రాలేదు. ఎవరు పిలిచినా మెడ వంచి ఎడమ చెవి పెట్టాలి. చూసేవాళ్లకు నేను తల వంచినట్టే ఉంటుంది.

జ్వరంతో దవాఖానకు పోతే, ఎక్కడికి పోయారో, ఎక్కడ పడుకున్నారో, ఏ పనికి పోయారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పక్క మంచం మీద ఎవరున్నా సరే.