మహారాణిని లేపని రోజు

మా హాస్టల్లో రాత్రి భోజనాలు కాగానే అందరి ఫోన్లూ వార్డెను బీరువాలోకి వెళ్ళిపోయేవి. ఫోన్లు చేతిలో ఉంటే ఆడపిల్లలు చెడిపోతారని ఎవరో ఎప్పుడో పెట్టిన రూలు. ఫోన్లే లేనప్పుడు అలారాలు ఎక్కడివి? అందుకని ప్రతి అంతస్తులోనూ పొద్దున్నే లేచే అలవాటున్న ఒక ఫస్టియర్ పిల్లను పట్టుకుని, మిగతావాళ్ళను లేపే పని అంటగట్టేవారు. ఎవరెన్నింటికి లేవాలో పడుకునే ముందు తమ తలుపు మీద సుద్దముక్కతో అంకె వేసుకునేవాళ్ళు. ఆ పిల్ల వేళకు తలుపు తట్టి, మనిషి లేచిందని చూసుకుని, అంకె చెరిపేసి, తర్వాతి తలుపుకు వెళ్ళాలి. అలారం గడియారం కొనుక్కోవచ్చు కదా అని నేను అడిగాను. "మేం ఫస్టియర్లో లేపలేదా? ఇప్పుడు మీ వంతు" అన్నారు సీనియర్లు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. నాకు చాలా మాటలకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు మా అంతస్తుకు దొరికిన బకరా నా గదిలోనే ఉండేది. వాళ్ళమ్మ ఒక బేకరీలో పొయ్యి దగ్గర పని చేసేది. తెల్లారేసరికి రొట్టెలు బయటికి రావాలి కాబట్టి ఆవిడ చీకటితోనే లేచేది, ఆవిడతోపాటు ఈ పిల్లా లేచేది. కాలేజీలో చేరినా ఆ అలవాటు పోలేదు. మొదటివారంలోనే దానికి కోడి అని పేరు పెట్టేశారు. నాకు మిరపకాయ అని పెట్టారు. ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

కోడికి కాలేజీ అస్సలు పడలేదు. లెక్చరరు బోర్డు నింపి, చెరిపి, మళ్ళీ నింపేవాడు. దీని పుస్తకంలో సగం పేజీ కూడా నిండేది కాదు. మెస్సులో ప్లేటు ముందు పెట్టుకుని కెలుకుతూ కూర్చునేది. స్నానాల గది ముందు వరసలో నిలబడితే, "ఒక్క నిమిషం చెల్లీ" అంటూ ఎవరో ఒకరు దాని ముందు దూరేవాళ్ళు. ఇది నోరు మెదిపేది కాదు. రెండుసార్లు పెట్టె సర్దేసింది. రెండుసార్లూ నేనే నాలుగు తిట్టి, బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టాను.

నిజం చెప్పాలంటే దాన్ని నిలబెట్టింది నా తిట్లు కాదు, ఆదివారాలు. ఆదివారం పని దిగాక వాళ్ళమ్మ బస్సెక్కి వచ్చేది. కింద హాల్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు. ఏవో పెద్ద కబుర్లు చెప్పుకుంటారనుకునేరు, అదేం లేదు. ఆవిడ కూర్చున్న కాసేపటికే కునికిపాట్లు పడేది. వారమంతా చాలని నిద్ర మరి. కోడి ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ లేచేదాకా కదలకుండా కూర్చునేది. సాయంత్రం పైకొచ్చాక మాత్రం ముఖం తేటగా ఉండేది, మెస్సులో కూడా నిండా తినేది. వచ్చే ఆదివారం దాకా బండి అలా నడిచేది.

మా అంతస్తులో మూడో గది ఒక ఫైనలియర్ అక్కది. ఎదురుగా అక్కా అనేవాళ్ళం, వెనక మహారాణి అనుకునేవాళ్ళం. అందరం ఇద్దరేసి సర్దుకుంటే ఆవిడకు మాత్రం ఒంటి గది. పై అంతస్తుల్లో కుళాయిలు రావు గనక నీళ్ళు కిందనుంచి మోసుకోవాలి. మహారాణి ఏనాడూ మోసిన పాపాన పోలేదు. ఎవరు కనిపిస్తే వాళ్ళకు పురమాయించేది.

ఒక ఆదివారం కోడి తలస్నానం చేసి రావడం ఆలస్యమైంది. వాళ్ళమ్మ కింద కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. మహారాణి ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఏయ్, కొత్తగా వచ్చిన ఆయావా? ఈ బకెట్టు పైన మూడో గదిలో పెట్టు."

కాదంటే కూతురికి ఏం ముప్పు వస్తుందోనని ఆవిడ భయపడింది. బకెట్టు ఎత్తుకుంది. నేనూ కోడీ మెట్లు దిగుతుంటే ఎదురొచ్చింది, చీర కుచ్చిళ్ళు తడిసిపోయి, రొప్పుతూ. కోడి నిలువునా కొయ్యబారిపోయింది. వెనకే వస్తున్న మహారాణితో నేనే అన్నాను.

"అక్కా, ఆవిడ దీని వాళ్ళమ్మ."

"అయ్యో, మీ అమ్మా? చూస్తే అలా అనిపించలేదే" అని మహారాణి పకపకా నవ్వింది. అంతటితో ఆగినా బాగుండేది. "ఎలాగూ చెయ్యి తడిసిందిగా, ఆ రెండోది కూడా తెచ్చిపెట్టమను."

నేను నోరు తెరవబోయాను. వాళ్ళమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ఊరుకో అమ్మా, గొడవలొద్దు" అంది. కిందికి వెళ్ళి రెండోది కూడా తెచ్చింది. ఆ రోజు ఆవిడ కునుకు తియ్యలేదు. తొందరగా వెళ్ళిపోయింది. మర్నాటినుంచి మహారాణి నోట కోడి పేరు మారింది. ఆయా కూతురు.

తర్వాతి ఆదివారం వాళ్ళమ్మ రాలేదు, బేకరీలో పని ఎక్కువగా ఉందంది. ఆ పై ఆదివారమూ అదే మాట. ఫోన్లో కోడి పట్టు వదలకుండా అడిగితే అసలు సంగతి చెప్పింది.

"ఆ పిల్ల అక్కడ ఉన్నన్నాళ్ళూ నేను ఆ గుమ్మం తొక్కను తల్లీ. నన్ను బలవంతపెట్టకు. నువ్వు చదువుకో."

కోడి ఫోను పెట్టేసి మంచం మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "దీని సంగతి చూస్తానే మిరపకాయా" అంది. అంత మెత్తని గొంతుతో అంత కసిగా మాట్లాడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక నేను ఊరుకుంటానా? మహారాణి దిగే మెట్ల మీద సబ్బునీళ్ళు పోద్దామన్నాను, పరుపు తడిపేద్దామన్నాను, ఇస్త్రీ బట్టలు బురదలో వేద్దామన్నాను. అన్నిటికీ అడ్డంగా తల ఊపింది. పైగా రోజూ పొద్దున్నే వెళ్ళి మహారాణిని లేపడం మానలేదు. అందరికీ ఒకసారి తడితే చాలు. ఆవిడది మొద్దునిద్ర, చెవి దగ్గర డప్పు కొట్టినా లేవదు. పేరు పెట్టి పిలవాలి, గడియ ఊపాలి, మళ్ళీ పిలవాలి. ఇది ఓపికగా అన్నీ చేసేది.

"నీకు సిగ్గూ రోషం ఏమన్నా ఉన్నాయా?" అని ఒకరోజు దులిపేశాను.

"ఆవిడకి నాతో అవసరం రానీ" అంది.

వచ్చింది. ఫైనలియర్ వాళ్ళకు ఉద్యోగాలిస్తామని ఒక పెద్ద కంపెనీ కబురు పెట్టింది. పొద్దున్నే కాలేజీ బస్సులో అందర్నీ తమ ఆఫీసుకు పంపమంది. పరీక్ష, ఇంటర్వ్యూ అక్కడే. ఎంపికైనవాళ్ళు వెంటనే ట్రైనింగుకు వెళ్ళిపోవాలి, మళ్ళీ పరీక్షలకు వస్తే చాలు. మహారాణి కొత్త బట్టలు కుట్టించుకుంది. వారం రోజులు అద్దం ముందు నిలబడి తనతో తనే మాట్లాడుకుంది. బస్సు వెళ్ళే ముందురోజు సాయంత్రం తలుపు మీద నాలుగు అంకె పెద్దగా వేసి, కింద రెండు గీతలు గీసింది.

"ఇదిగో, ఆయా కూతురా. రేపు నా బతుకు తేలేది. బాగా గట్టిగా లేపు, ఏం?"

"అలాగే అక్కా" అంది కోడి.

తెల్లవారుజామున అది లేచిన అలికిడికి నేనూ లేచాను. వెనకే వరండాలోకి వెళ్ళాను. మొదటి తలుపు తట్టింది, అంకె చెరిపింది. రెండోది తట్టింది, చెరిపింది. మూడో తలుపు ముందు ఆగింది. లోపల్నుంచి గురక వినిపిస్తోంది. ఎత్తిన చెయ్యి దించేసుకుని నాలుగో తలుపుకు వెళ్ళింది. నాకు గుండె దడదడలాడింది. భయంతో అని రాయాలేమో గానీ, నిజానికి సంతోషంతో.

ఇక్కడ నేను ఊహించని సంగతి ఒకటి జరిగింది. ఫైనలియర్ అక్కలందరూ తయారై ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. వాళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకునే ఒక అక్క మూడో గది ముందు ఆగి, చెరపని నాలుగు అంకెను చూసింది. తలతిప్పి కోడిని చూసింది. కోడి చూపు తిప్పుకోలేదు. ఇక అయిపోయింది, ఈవిడే లేపేస్తుంది అనుకున్నాను. కళ్ళద్దాల అక్క వంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయింది. ఆవిడ వెనకవాళ్ళూ అంతే. ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. ఇన్నేళ్ళూ ఆవిడ నీళ్ళు మోసినవాళ్ళేగా వాళ్ళంతా. కింద బస్సు హారను కొట్టింది. గురక ఆగలేదు. బస్సు వెళ్ళిపోయింది.

ఎండ మంచం మీదికొచ్చాక మహారాణి లేచింది. ఆ కేక మా భవనమంతా వినిపించింది. జుట్టు కూడా దువ్వుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. వేళ దాటిందని కంపెనీ గేటు దగ్గరే ఆపేశారట. మధ్యాహ్నం కళ్ళు వాచిపోయి తిరిగొచ్చి, నేరుగా వార్డెను దగ్గర పంచాయితీ పెట్టింది.

"ఏమ్మా, ఎందుకు లేపలేదు?" అని కోడిని పిలిపించి అడిగింది వార్డెను.

"లేపడం నా పనని మీరు ఎప్పుడన్నా చెప్పారా మేడమ్?" అంది కోడి.

వార్డెను వదల్లేదు. "మరి మిగతా అందర్నీ లేపావుగా."

"వాళ్ళని లేపాలనిపించింది. ఈవిణ్ణి లేపాలనిపించలేదు."

"నేను నీకేం చేశానే?" అని మహారాణి గొల్లుమంది.

"మా అమ్మ చేత నీళ్ళు మోయించారు."

మహారాణి ఏడుపు ఆపి, నిజంగానే అర్థంకాక దాని వైపు చూసింది. "ఎప్పుడు?" అని అడిగింది.

ఆ ఒక్కమాటతో నాలో మిగిలిన కాస్త జాలి కూడా ఎగిరిపోయింది. వార్డెను ఇద్దర్నీ గదులకు పొమ్మంది. ఆ పూట మెస్సులో ఎవరో కోడికి వరసలో ముందు చోటిచ్చారు. కోడి రెండోసారి వడ్డించుకుని తిన్నది. దాని పక్కన నేను కూడా.

సాయంత్రం వాళ్ళమ్మకు ఫోను చేసింది. నేనూ వినాలని స్పీకరు పెట్టింది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, "నీ పగ తీర్చానమ్మా. ఆవిడకి ఉద్యోగం పోయింది. ఈ ఆదివారం వస్తావుగా?" అంది.

అవతల రొట్టెల ట్రేలు చప్పుడు చేశాయి.

"ఆ పిల్లకి ఉద్యోగం వస్తే ఎక్కడికి పోయేది?" అని అడిగింది వాళ్ళమ్మ.

"ట్రైనింగుకి. వచ్చేవారమే."

"హాస్టల్ ఖాళీ చేసేసి?"

"ఊఁ."

"ఇప్పుడో?"

కోడి నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. ఇద్దరు తెలివైనవాళ్ళం, కాలేజీలో సీటు తెచ్చుకున్నవాళ్ళం, ఒక్కరికీ తట్టలేదు.

"ఇప్పుడు ఇక్కడే ఉంటుంది" అంది కోడి. "ఇంకో కంపెనీ వచ్చేదాకా."

"పిచ్చిమొహమా, వారం ఆగితే పీడ విరగడై పోయేదిగదే. నేను హాయిగా వచ్చేదాన్ని" అంది వాళ్ళమ్మ. కోప్పడలేదు. నవ్వబోయినట్టుంది గానీ అది నవ్వులా రాలేదు. పొయ్యి దగ్గర ఎవరో పిలుస్తున్నారని పెట్టేసింది.

ఆ ఆదివారం కోడి కింద హాల్లోకి కూడా వెళ్ళలేదు. రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంది. నేను తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. నాకే ఎవర్నన్నా కొట్టాలనిపించింది.

మర్నాడు ఇంకా చీకటిగా ఉండగానే వరండాలో తలుపు బద్దలవుతున్న చప్పుడైంది. బయటికి పరుగెత్తాను. కోడి మూడో గది తలుపును రెండు చేతులతో బాదుతోంది. ఆ తలుపు మీద ఏ అంకే లేదు. ఇంటర్వ్యూ పోయిన రోజునుంచి మహారాణి అంకె వెయ్యడమే మానేసింది. చివరికి గడియ తీసి, కళ్ళు నులుముకుంటూ నిలబడింది.

"నేను లేపమన్నానా? ఇప్పుడేముందని?"

కోడి ఆవిణ్ణి పక్కకు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. లైటు వేసింది. బల్ల మీద మూలపడేసిన పుస్తకాలు దులిపి మంచం మీద పెట్టింది.

"చదవండక్కా. రేపూ లేపుతాను, ఎల్లుండీ లేపుతాను. ఈసారి వచ్చే కంపెనీలో మీకు ఉద్యోగం వచ్చి తీరాలి. మీరిక్కణ్ణుంచి పోవాలి. మా అమ్మ రావాలి."

 మహారాణి మంచం మీద కూర్చుని, పైనున్న పుస్తకం తీసుకుంది.